ఐర్లాండ్ కరువు రోడ్లు, ఆకలి గడ్డి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐర్లాండ్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ సెలవు రోజుల్లో పడమటి కొండలకు వెళ్లే తెలుగువాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. అక్కడ ఏ కొండవాలు చూపించి అడిగినా "అది కరువు రోడ్డు" అనే జవాబు వస్తుంది. ఆ వెనకే ఒక కథ, చాలాసార్లు ఒక దయ్యం కూడా వస్తాయి. అందులో చరిత్ర ఎంత, జనం నోట పెరిగింది ఎంత అని అడిగేవాళ్ల కోసం ఈ పేజీ.

కరువు రోడ్డు అంటే ఏమిటి?

1845–52 మధ్య ఐర్లాండ్‌ను తుడిచిపెట్టిన మహా కరువులో, ప్రభుత్వం కూలి ఇచ్చి వేయించిన రోడ్లు. మన పాత రికార్డుల్లో కనిపించే "కరువు పనులు" అన్న మాట వీటికి అచ్చంగా సరిపోతుంది. మేయో, గాల్వే, క్లేర్, కెర్రీ, కార్క్ జిల్లాల్లో ఇవి ఎక్కువ. ఇప్పుడు చూస్తే కొండ పక్కన రాళ్లు పేర్చి కట్టిన అంచు, దాని మీద బండి పట్టేంత వెడల్పున గడ్డి మొలిచిన చదును కనిపిస్తాయి. కొన్ని తారురోడ్ల కింద కలిసిపోయాయి. కొన్ని కొంతదూరం పోయి ఆగిపోతాయి.

అసలు కరువు ఎందుకు వచ్చింది? వానలు పడలేదా?

వానలకేం కొదవ లేదు, నిజానికి ఆ తడే కొంప ముంచింది. 1845 సెప్టెంబరులో బంగాళాదుంప పంటకు బ్లైట్ అనే మాడు తెగులు అంటుకుంది. ఆకులు నల్లబడి, నేలలో దుంప కుళ్లి కంపు కొట్టేది. మొదటి ఏడాది పంటలో కొంత భాగమే పోయింది, 1846లో దాదాపు అంతా పోయింది. జనాభాలో మూడో వంతుకు పైగా, అంటే సుమారు 30 లక్షల మంది పేదలకు దుంప తప్ప వేరే తిండి లేదు. 1841 జనాభా లెక్కల్లో 81 లక్షల 75 వేలున్న దేశం 1851 నాటికి 65 లక్షల 50 వేలకు పడిపోయింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించి దేశం విడిచిపోయారు.

చనిపోయినవాళ్లలో ఎక్కువమందిని చంపింది నేరుగా ఆకలి కాదు, దాని వెంట వచ్చిన టైఫస్ అనే విషజ్వరం, రక్త విరేచనాలు. ఇదే కాలంలో ధాన్యం, పశువులు ఓడలకెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి. ఐరిష్ వాళ్లు ఇప్పటికీ క్షమించనిది ఇదే.

తిండి పెట్టకుండా రోడ్లు ఎందుకు వేయించారు?

ఊరికే తిండి పెడితే జనం సోమరులైపోతారన్నది ఆనాటి లండన్ నమ్మకం. పని చేయించి కూలి ఇవ్వాలి, ఆ కూలితో బజారులో కొనుక్కోవాలి, ప్రభుత్వం ధాన్యం వ్యాపారంలో వేలు పెట్టకూడదు. 1845 చివర్లో ప్రధాని పీల్ లక్ష పౌండ్లతో అమెరికా నుంచి మొక్కజొన్నలు తెప్పించాడు గాని, 1846 మధ్యలో వచ్చిన రస్సెల్ ప్రభుత్వం ఈ సిద్ధాంతాన్ని మరింత బిగించి పట్టుకుంది.

మరి పొలాలకు మురుగు కాలువలు తవ్వించవచ్చు కదా, బీళ్లు బాగు చేయించవచ్చు కదా? చేయకూడదన్నారు. ప్రభుత్వ సొమ్ముతో ఏ ఒక్క భూస్వామికీ లాభం కలగకూడదన్నది నియమం. ఎవరికీ ప్రత్యేకంగా లాభం కలగని పని ఏమిటని వెతికితే మిగిలింది రోడ్డు. అదీ, అవసరమైన రోడ్లు చాలావరకు అప్పటికే ఉన్నాయి కాబట్టి, అవసరం లేని రోడ్డు. 1846 ఆగస్టు చట్టంతో ఈ ఖర్చు మొత్తం స్థానిక పన్నుల నుంచే తిరిగి రాబట్టాలని కూడా తేల్చారు. అంటే దివాలా తీసిన ఊరే తన కరువు పనికి తానే డబ్బు కట్టుకోవాలి.

ఈ వ్యవహారాన్ని లండన్ ఖజానా శాఖ నుంచి నడిపిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. తెలుగువాళ్లు గుర్తుపట్టవలసిన మనిషి. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చింది ఈయనే. అంటే కోస్తా జిల్లాలకూ, సీమకూ కొన్నాళ్లు ఏలిక. కొత్తగా తెచ్చిన ఆదాయపు పన్నును బాహాటంగా వ్యతిరేకించి మరుసటి ఏడే ఆ పదవి పోగొట్టుకున్నాడు. ఐర్లాండ్‌లో మాత్రం ఆయన పేరు ఇప్పటికీ తిట్టుతో సమానం.

కూలి ఎంత ఇచ్చేవారు?

రోజుకు ఎనిమిది నుంచి పది పెన్నీలు. అదీ తర్వాత ముక్క లెక్కకు మార్చారు: ఎన్ని గజాలు తవ్వితే, ఎంత కంకర కొడితే అంత. ఒంట్లో సత్తువ ఉన్నవాడికి అది ఫరవాలేదు. నెలల తరబడి సరైన తిండి లేనివాడికి సగం కూలి కూడా గిట్టేది కాదు. ధరలు చూస్తే ఆకాశాన్నంటాయి. పైగా 1846–47 చలికాలం ఆ దేశం ఎరిగిన వాటిలో చాలా కఠినమైనది. మంచులో, చిరుగు గుడ్డలతో మగవాళ్లు మట్టి మోస్తుంటే ఆడవాళ్లు, పిల్లలు రోడ్డు పక్కన కూర్చుని సుత్తులతో రాళ్లు కొట్టేవారు. 1847 మార్చి నాటికి ఈ పనుల్లో ఏడు లక్షల మందికి పైగా ఉన్నారు.

కూలి సమయానికి అందకపోవడం మరో ఘోరం. కార్క్ జిల్లా కెహరాలో డెనిస్ మెకెనెడీ అనే కూలీ 1846 అక్టోబరులో రోడ్డు పనిలోనే కూలబడి చనిపోయాడు. అప్పటికి అతనికి రెండు వారాల కూలి బకాయి ఉంది. శవపరీక్షలో కడుపు ఖాళీ. విచారణకు కూర్చున్న జ్యూరీ, ప్రజాపనుల బోర్డు ఘోర నిర్లక్ష్యం వల్ల ఆకలితో చనిపోయాడని తీర్పు రాసింది. జానపద కథల్లో "కూలి డబ్బు వచ్చిన రోజున శవం లేచింది" అన్న ధోరణి మాటలు వినిపిస్తే కల్పన అని తీసిపారేయకండి. ఈ తీర్పు కాగితాల మీద ఉంది.

ఎక్కడికీ పోని రోడ్లు నిజంగా ఉన్నాయా? కావాలనే అలా వేయించారా?

ఉన్నాయి. బురదనేలలోకి పోయి ఆగినవి, కొండ కొమ్మున ఆగినవి, రెండు ఊళ్లను కలపకుండా మధ్యలో తెగినవి. ఊళ్లలో చెప్పే కారణం ఒక్కటే: పేదవాణ్ణి వెక్కిరించడానికి దొర వేయించాడు. ఆ మాటలో కసి ఉంది, ఆ కసికి కారణమూ ఉంది. కానీ చాలా రోడ్లు ఆగిపోవడానికి కారణం ఇంతకంటే నీరసమైనది. 1847 వసంతానికి ప్రభుత్వం ఈ పనులతో విసిగిపోయి ఆపేసింది. మార్చి 20న ఒక్క దెబ్బతో ఐదో వంతు మందిని తీసేశారు, వేసవికల్లా దాదాపు అన్నీ మూసేశారు. ఏ రోడ్డు ఎక్కడిదాకా వస్తే అక్కడ ఆగింది. బదులుగా తెరిచిన గంజి కేంద్రాలు 1847 జులైలో రోజుకు 30 లక్షల మందికి పైగా తిండి పెట్టాయి. ఇది ముందే చేయవచ్చు కదా అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. వచ్చి తీరాలి. అది కూడా ఆ శరదృతువుకే కట్టిపెట్టేశారు, అది వేరే కథ.

ఆగిన రోడ్డు మళ్లీ ప్రాణం పోసుకున్న ఉదాహరణ కావాలంటే బేరా ద్వీపకల్పంలో హీలీ కనుమ చూడండి. కార్క్, కెర్రీ జిల్లాల మధ్య కొండ దాటే ఆ మెలికల దారిని 1847లో కరువు పనిగా మొదలుపెట్టారు. పూర్తయింది 1931లో.

గడ్డి మొలిచిన పాత దారులన్నీ కరువు రోడ్లేనా?

కావు, ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. క్లేర్ జిల్లా బరెన్ సున్నపురాతి కొండల మీద ఉన్న పచ్చదారుల్లో పశువులను తోలుకుపోయేందుకు తరతరాలుగా వాడినవీ ఉన్నాయి. బురదనేల నుంచి తవ్వి, ఎండబెట్టి పొయ్యిలో కాల్చే పీట్ అనే మట్టి చెక్కలను ఇంటికి మోసిన దారులు కొన్ని. సముద్రపు నాచును ఎరువుగా పొలానికి తెచ్చిన దారులు కొన్ని. 1891 తర్వాత పడమటి పేద ప్రాంతాల కోసం పెట్టిన బోర్డు వేయించినవీ ఉన్నాయి. యాత్రికులకు చెప్పేటప్పుడు మాత్రం అన్నింటికీ ఒకటే పేరు.

గుర్తుపట్టడానికి ఖాయమైన సూత్రం లేదు గాని కొన్ని ఆనవాళ్లున్నాయి. పశువుల దారి నేల ఎలా ఒంగితే అలా ఒంగుతుంది. ఇంజనీరు గీసిన కరువు రోడ్డు ఒకే వాలుతో కొండ నడుము చుట్టూ నడుస్తుంది, లోయ వైపున అడ్డుగోడ ఉంటుంది, అవసరానికి మించి వెడల్పుగా కనిపిస్తుంది. గాల్వే జిల్లా కిల్లరీ సముద్రపాయ దక్షిణ ఒడ్డున రోస్రో వైపు పోయే దారిలో ఇది బాగా తెలుస్తుంది.

మరో చిక్కు: ఐర్లాండ్‌కు కరువు ఒక్కటే కాదు. 1740–41లో గడ్డకట్టే చలితో వచ్చిన కరువును ఐరిష్ భాషలో "మారణ సంవత్సరం" అంటారు. కిల్డేర్ జిల్లాలో కొనొలీ కుటుంబం కట్టించిన ఎత్తైన రాతి స్తంభం ఆ కరువు పని. ఎందుకూ పనికిరాని కట్టడం, కూలి ఇవ్వడానికే కట్టింది. ఊళ్లో చెప్పే కథకు తేదీ ఉండదు కాబట్టి వందేళ్ల ముందుది, తర్వాతిది కలిసిపోతాయి.

ఆకలి గడ్డి అంటే ఏమిటి?

ఈ జానపదంలో నన్ను అన్నిటికంటే గట్టిగా పట్టుకున్నది ఇదే. ఐరిష్‌లో "ఫేర్ గొర్తా". చూడ్డానికి మామూలు గడ్డి. పొలంలోనో, దారి పక్కనో ఒక చాపంత మేర. తెలియక దాని మీద కాలు పెడితే హఠాత్తుగా భరించలేని ఆకలి పుడుతుంది. కాళ్లలో బలం పోయి, చెమటలు పట్టి, అక్కడే కూలిపోతాడు. వెంటనే ఏదో ఒకటి నోట్లో పడకపోతే చనిపోతాడు.

ఎందుకు మొలుస్తుందన్న దానికి ఊరికో మాట. కరువులో ఆకలితో పడి చనిపోయినవాడి ఒళ్లు తాకిన నేల మీద మొలుస్తుందని ఎక్కువమంది చెబుతారు. శవాన్ని మోసేవాళ్లు దించిన చోట అని కొందరు. బయట కూర్చుని భోంచేసి, ఒక్క తునక కూడా నేల మీద వదలకుండా లేచిపోయినవాడి వల్ల అని ఇంకొందరు. ఈ మూడోది కరువు కంటే పాత నమ్మకమై ఉండాలని నా అభిప్రాయం. తినేటప్పుడు కంటికి కనబడనివాళ్లకు కొంచెం వదలాలన్న పాత మర్యాద అందులో కనిపిస్తుంది. 1840ల తర్వాత అదే గడ్డి కింద మనుషులు వచ్చి చేరారు.

విరుగుడు తేలిక: జేబులో ఓట్ రొట్టె ముక్క. పొలం దూరమైతే, కొండ దాటాల్సి వస్తే పెద్దవాళ్లు పిల్లల జేబులో ఒక ముక్క పెట్టి పంపేవారు. ఏదైనా చోట గడ్డి తగులుతుందని పేరుంటే, దగ్గర్లోని ఇంటి ఇల్లాలు వచ్చేపోయేవాళ్ల కోసం కాస్త తిండి ఉంచేదని కూడా చెబుతారు.

వైద్యం తెలిసినవాళ్లు దీన్ని రక్తంలో చక్కెర పడిపోవడంగా వివరిస్తారు. ఖాళీ కడుపుతో, చలిలో, కొండెక్కుతుంటే వణుకు, చెమట, కాళ్లు తేలిపోవడం, తినగానే సర్దుకోవడం: లక్షణాలన్నీ సరిపోతాయి. ఒప్పుకోవచ్చు. అయితే ఆ వివరణ ఒంటికే సరిపోతుంది. ఫలానా మలుపు దగ్గరే ఎందుకు, ఫలానా పొలంలోనే ఎందుకు అన్నది చెప్పదు. కరువు కాలపు మరణాల్లో చాలావాటికి సమాధి లేదు, పేరు లేదు, ప్రార్థన లేదు. ఎవరో ఇక్కడ పడిపోయారని గుర్తుంచుకునే పని ఆ ఊళ్లలో గడ్డి మీద పడింది.

ఫ్యార్ గొర్తా అనే ఆకలి మనిషి కూడా ఇదేనా?

పేరు దగ్గరగా ఉంది గాని వేరు. ఎముకల గూడులా ఉండి, చేతిలో భిక్షాపాత్రతో రోడ్ల వెంట తిరిగే రూపం ఇది. పెట్టినవాడికి కలిసొస్తుంది, కసిరినవాడికి కీడు. కొన్నిచోట్ల గడ్డికీ మనిషికీ ఒకే పేరు వాడేస్తారు, అందుకే గందరగోళం.

దారి తప్పించే గడ్డ సంగతి ఏమిటి?

తెలిసిన పొలంలోనే రాత్రంతా తిరిగినా గేటు కనిపించదు. కాలు పడింది ఒక మాయ మట్టిగడ్డ మీద. కోటు విప్పి తిరగేసి తొడుక్కుంటే దారి దొరుకుతుంది. కరువుతో దీనికి సంబంధం లేదు, కంటికి కనబడని ఫెయిరీలనే మాయజనం మీది పాత నమ్మకం. సారాయి దుకాణం నుంచి ఆలస్యంగా ఇల్లు చేరిన మగవాళ్లకు ఇది బాగా ఉపయోగపడి ఉంటుంది.

ఫెయిరీలు రోడ్లకు అడ్డం వస్తాయంటారు. ఇప్పటికీ నమ్ముతారా?

నమ్ముతారా అని నేరుగా అడిగితే నవ్వేస్తారు. ఆ ముళ్లచెట్టు కొట్టెయ్యి అంటే మాత్రం ఎవరూ ముందుకు రారు. ఫెయిరీలను వాళ్లు పేరు పెట్టి పిలవరు, "మంచివాళ్లు" అంటారు, భయంతోనే. వాళ్లు నడిచే దారికి అడ్డంగా ఇల్లు కడితే ఆ ఇంట్లో పశువు బతకదు, మనిషికి నిద్ర ఉండదు. 1999లో క్లేర్ జిల్లా లాటూన్ దగ్గర కొత్త రహదారి కోసం హాథార్న్ అనే ఒక ఒంటరి ముళ్లచెట్టును తీసేయబోతే, ఎడీ లెనిహన్ అనే కథకుడు అది ఫెయిరీలు యుద్ధాలకు పోతూ కలుసుకునే చోటని పత్రికలకెక్కాడు. చివరికి చెట్టును వదిలి రోడ్డు వేశారు.

దుంప తెగులుకు కూడా ఇదే లోకంలో కారణం వెతికినవాళ్లున్నారు. తమ ప్రాంతపు ఫెయిరీలు పక్క ప్రాంతం వాళ్లతో పోరులో ఓడితే ఆ ఏడు పంట పోతుందట. ఇంతకంటే ఎక్కువ ఊళ్లలో వినిపించిన మాట మరొకటి: కరువుకు ముందు దుంపలు విరగపండి, జనం లెక్కచేయక గట్ల మీద పారేశారు, అందుకు దేవుడు వేసిన శిక్ష. చట్టాలు, కౌళ్లు, ఓడల సంగతి వదిలేసి తమనే తప్పుపట్టుకున్న ఈ కథ చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

డూలాక్ నడక కథలో నిజమెంత?

మేయో జిల్లా, 1849 మార్చి 30. సహాయం పొందుతున్నవాళ్లను తనిఖీ చేయడానికి ఇద్దరు అధికారులు వస్తారని లూయిస్‌బర్గ్ ఊళ్లో వందల మంది గుమిగూడారు. వచ్చిన అధికారులు అక్కడ పని చేయకుండా, సుమారు 19 కిలోమీటర్ల దూరాన ఉన్న డెల్ఫీ లాడ్జ్ అనే వేట బంగళాకు బస కోసం వెళ్లిపోయారు. తెల్లారి ఏడు గంటలకల్లా అక్కడికి రాకపోతే పేర్లు కొట్టేస్తామన్నారు. ఎముకలు తేలిన జనం రాత్రంతా, చలిలో, కొండదారుల వెంట నడిచారు. అక్కడ చేతికి వచ్చింది దాదాపు ఏమీ లేదు. తిరుగుదారిలో డూలాక్ సరస్సు ఒడ్డున కొందరు పడిపోయారు. గాలివాన తోసేస్తే కొందరు నీళ్లలో పడ్డారని ఊరి కథ.

ఆ ఏప్రిల్‌లోనే స్థానిక పత్రికకు వచ్చిన ఉత్తరం ఏడుగురి శవాలు దారి పక్కన దొరికాయంటుంది. జనం నోట ఆ సంఖ్య నాలుగు వందలు, ఆపైన. నేను ఏడు వైపే మొగ్గుతాను, అదీ "కనీసం" అన్న మాటతో. వందల లెక్కను అబద్ధమని కొట్టేయను. ఆ ఏడు ఆ ప్రాంతంలో ఎంతమంది పోయారో మొత్తాన్ని ఆ ఒక్క రాత్రి మోస్తోందని చదువుకుంటాను. ఎలా చదివినా, అధికారులు తమ బస మార్చుకోకుండా ఆకలితో ఉన్నవాళ్లను నడిపించారన్నది మారదు.

1988 నుంచి ఏటా ఆ దారిలో స్మారక నడక జరుగుతోంది. 1991లో దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు వచ్చి నడిచారు. లోయలో నిలబెట్టిన రాతి మీద గాంధీజీ మాట ఒకటి చెక్కి ఉంది: తోటి మనుషులను అవమానించి తాము గౌరవం పొందామని మనుషులు ఎలా అనుకోగలరో అన్న అర్థంతో.

కరువు కథల్లో తరచుగా వచ్చే ఘట్టాలేవి?

అడుగు తెరుచుకునే శవపేటిక దాదాపు ప్రతిచోటా వస్తుంది. పెట్టెలు చేయించే స్తోమత లేక ఒకే పెట్టెలో మోసుకుపోయి, గుంట మీద గొళ్లెం తీస్తే శవం జారిపోయేది, పెట్టె తర్వాతివాడికి. ఇది వట్టి కథ కాదు, అలాంటి పెట్టెలు వాడారు. కార్క్ జిల్లా స్కిబరీన్ పక్కన ఆబీస్ట్రూరీ శ్మశానంలో ఎనిమిది నుంచి పది వేల మంది అలా సామూహిక గుంటల్లో ఉన్నారని అంచనా. అక్కడే టామ్ గెరిన్ అనే పసివాణ్ణి చనిపోయాడనుకుని పూడ్చబోతే, పార తగిలి మోకాళ్లు విరిగి కేకపెట్టాడట. బతికి, జీవితాంతం కుంటుతూ, తన కథ తానే చెప్పుకుని తిరిగాడు.

తల్లి శవాన్ని వీపున కట్టుకుని శ్మశానానికి నడిచిన కొడుకు, పెదవులకు పచ్చగా గడ్డి అంటుకుని రోడ్డు పక్కన దొరికిన మనిషి ఎన్నో ఊళ్ల కథల్లో ఉన్నారు. ఉన్న చివరి పిండి కూడా బిచ్చగత్తెకు పెట్టేసిన ఇల్లాలి కథ మరొకటి. భర్త వచ్చి తిడతాడని భయపడుతూ మూత తీస్తే పిండిపెట్టె నిండుగా ఉంటుంది. తెలుగు ఇళ్లలో పెరిగినవాళ్లకు అక్షయపాత్ర గుర్తురాక మానదు.

మతం మార్చుకుంటే సూపు పోస్తామన్న మిషనరీలు, ఆ సూపు తాగిన కుటుంబాలకు మూడు తరాల దాకా అంటుకున్న మచ్చ కూడా కథల్లో పెద్ద భాగమే. నిజానికి క్వేకర్లు అనే చిన్న క్రైస్తవ శాఖ వంటివాళ్లు ఏ షరతూ లేకుండా పెట్టారు, వాళ్ల మీద ఇప్పటికీ మంచి మాటే ఉంది.

ఒక సంగతి గమనించండి. చాలా కథల్లో చనిపోయినవాళ్లు మా ఊరివాళ్లు కారు. "మా దగ్గర అంత లేదు, కొండవతల ఘోరంగా ఉండేదట." కొండవతలకు వెళ్లి అడిగితే వాళ్లూ ఇటు చూపిస్తారు. ఆకలితో చనిపోవడం అవమానమైన చోట, బతికినవాళ్లు ఏదో ఒకటి చూసీచూడనట్టు వదిలేసిన చోట, కథ ఇలా పక్క ఊరికి జరుగుతుంది. ఖాళీ అయిన పొలాలను చవగ్గా కలుపుకున్న రైతులూ వాళ్లలోనే ఉన్నారు. ఆ మాట చెప్పే కథలు మాత్రం అరుదు.

ఇవన్నీ ఎవరు రాసిపెట్టారు?

1935లో ఏర్పడిన ఐరిష్ జానపద కమిషన్. సేకర్తలు సైకిళ్ల మీద ఊరూరా తిరిగి ముసలివాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్నారు. 1937–39 మధ్య ఇంకో అద్భుతమైన పని చేశారు: సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల్లో పై తరగతుల పిల్లలకు ఇంట్లో తాతమ్మలను అడిగి రాసుకు రమ్మని చెప్పారు. దాదాపు 50,000 మంది పిల్లలు, లక్షల పుటలు. పాత రోడ్లు, కరువు, వంటలు, శాపాలు, అన్నీ పిల్లల దస్తూరిలో. ఇప్పుడు డూకస్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవవచ్చు. ఊరి పేరుతో వెతకండి. మీరు అద్దెకుంటున్న ఊరి కథే దొరకవచ్చు. 1945లో కరువుకు నూరేళ్లయినప్పుడు ప్రత్యేకంగా ప్రశ్నావళి పంపి మరికొన్ని సేకరించారు.

చెప్పినవాళ్లు కరువును కళ్లారా చూసినవాళ్లు కారు, చూసినవాళ్ల పిల్లలు, మనవలు. అందుకని తేదీలకు, సంఖ్యలకు వీటిని నమ్మకండి. దారి పేరుకు, ఇంటి గుర్తుకు, ఎవరు పెట్టారు ఎవరు పెట్టలేదు అన్నదానికి మాత్రం వీటిని మించిన ఆధారం ఎక్కడా లేదు.

మన కరువులతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. 1876–78 ధాత కరువులో మద్రాసు ప్రభుత్వం నడిపిన కరువు పనుల వెనక ఉన్నది ఐర్లాండ్‌లో వాడిన ఆలోచనే: పని చేస్తేనే కూలి, కూలి అతి తక్కువ. మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలుపుతూ సుమారు 8 కిలోమీటర్ల బకింగ్‌హాం కాలువ భాగాన్ని అప్పుడే కరువు పనిగా తవ్వించారు. మన దగ్గర ధాత కరువు కథలు చెప్పే అవ్వలు ఎందరు ఉండేవారో, బడిపిల్లల చేత వాళ్ల మాటలు రాయించే పని ఎవరూ ఎందుకు తలపెట్టలేదో అన్న బాధ ఈ ఐరిష్ నోటుపుస్తకాలు చూస్తే కలుగుతుంది.

ఇటునుంచి అటు పోయిన సాయం కూడా ఉంది. ఐర్లాండ్ కరువుకు మొదట కదిలి చందాలు పోగుచేసిన ఊళ్లలో కలకత్తా ఒకటి. 1847లో అమెరికా ఆదివాసులైన చాక్టా జనం, తమను సొంత నేల నుంచి తరిమేసిన పదహారేళ్లకే, తమ దగ్గరున్న కొద్దిపాటి డబ్బు పంపారు. దానికి కృతజ్ఞతగా కార్క్ జిల్లా మిడిల్టన్‌లో ఉక్కుతో చేసిన తొమ్మిది గద్ద ఈకల శిల్పం 2017లో నిలబెట్టారు.

వెళ్లి చూడాలంటే ఏవి తెలుసుకోవాలి?

ఐర్లాండ్‌లో కొండల మీద ఇష్టమొచ్చిన చోటల్లా నడిచే హక్కు లేదు. చాలా పాత దారులు ఎవరో ఒక రైతు పొలంలోవి. గుర్తులు పెట్టిన దారి కాకపోతే అడిగి వెళ్లండి, గేటు ఎలా ఉంటే అలాగే వదలండి, గొర్రెలున్న చోటికి కుక్కను తీసుకుపోవద్దు. అంచు గోడల రాళ్లు సరదాకు కూడా కదిలించవద్దు. రోడ్డు బురదనేలలో ఆగితే మీరూ ఆగండి. పైకి పచ్చగా కనిపించే ఆ నేల మోకాలి లోతున దిగిపోతుంది.

చిన్నపిల్లలతో వెళ్లగలిగింది ఏదైనా ఉందా?

కొండలు వద్దనుకుంటే రాయల్ కాలువ గట్టు ఉంది. 1847 మేలో రాస్కామన్ జిల్లా స్ట్రోక్స్‌టౌన్ జమీందారు డెనిస్ మేహన్ తన కౌలుదారులు 1,490 మందిని ఓడెక్కించడానికి ఈ గట్టు వెంబడే డబ్లిన్ దాకా నడిపించి పంపాడు. లివర్‌పూల్ మీదుగా కెనడా చేరేలోపు, చేరిన కొద్దిరోజులకూ వాళ్లలో చాలామంది చనిపోయారు. ఆ నవంబరులో మేహన్‌ను ఎవరో కాల్చి చంపారు. ఈ 165 కిలోమీటర్ల దారి వెంట అక్కడక్కడా కంచుతో పోసిన పిల్లల బూట్ల జతలు ముప్పైకి పైగా పెట్టారు. నమూనా నిజమైనదే: స్ట్రోక్స్‌టౌన్ దగ్గర పాడుబడ్డ ఇంటి కప్పు గడ్డిలో, ఒకదానికొకటి కట్టేసి దొరికిన పాత బూట్ల జత. పిల్లలు వాటి పక్కన తమ కాలు పెట్టి కొలుచుకుంటారు, వద్దనకండి. డబ్లిన్ నుంచి రైల్లో మేనూత్ దాకా వెళితే అక్కణ్ణుంచి చదునైన దారి, తోపుడు బండిలోనూ పసిబిడ్డను తీసుకుపోవచ్చు. స్ట్రోక్స్‌టౌన్‌లో ఆ జమీందారు భవంతి పక్కనే జాతీయ కరువు మ్యూజియం ఉంది. దానికి ఒక పూట పూర్తిగా కేటాయించండి.